పాటల రచనలో పీజీ: గోదావరి జిల్లాల నుంచి వెళ్లాలనుకునేవాళ్లకు

"పాటలు రాయడానికి కూడా ఎంఏ ఏంట్రా?" అని ఇంట్లో అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు. మన దగ్గర పాట రాసేవాళ్లు ఎక్కువమంది చదువు ఒకటి, పాట ఒకటిగా నడిపినవాళ్లే. లెక్చరర్‌గానో, ఆఫీసులోనో పనిచేస్తూ రాసినవాళ్లు, లేదా తిన్నగా చెన్నైకో హైదరాబాద్‌కో బస్సెక్కేసినవాళ్లు. పాటల రచనకే ప్రత్యేకంగా ఒక పీజీ ఉందని, దానికి దరఖాస్తు, ఇంటర్వ్యూ, పోర్ట్‌ఫోలియో ఉంటాయని చెబితే అమలాపురంలోనైనా భీమవరంలోనైనా ముందు నవ్వుతారు, తర్వాత ఫీజు ఎంతని అడుగుతారు. ఫీజు సంగతి కిందకి వస్తుంది. ముందు చదువు సంగతి.

అన్నిటికన్నా ముందు ఒక తేడా తెలియాలి. మన దగ్గర పాటల రచయిత అంటే మాటలు రాసేవాడు. బాణీ సంగీత దర్శకుడిది, గొంతు గాయకుడిది. విదేశాల్లో సాంగ్‌రైటింగ్ పేరుతో నేర్పేది మాట, బాణీ, చాలావరకు పాడటం కూడా ఒకే మనిషి చేతిలో ఉండే పని. ఈ సంగతి తెలియకుండా, సాహిత్యం బాగా రాస్తాను కదా అని వెళ్లినవాళ్లు మొదటి నెలలోనే ఇబ్బంది పడతారు. కింద చెప్పే అడుగులన్నీ ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవే.

మొదటి అడుగు: మీ చేతిలో ఏముందో చూసుకోండి

మీరు రాసిన పాట ఒకటి తీసుకోండి. సినిమా పాట బాణీలో మాటలు మార్చి రాసిన పేరడీ లెక్కలోకి రాదు. దాన్ని వాద్యం లేకుండా ఫోన్‌లో పాడి రికార్డు చేయండి. మర్నాడు వినండి. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు బాణీ అదేనా? చరణం పల్లవికన్నా వేరుగా వినిపిస్తోందా? అసలు పాడగలిగారా, లేక చదివారా?

మాటలు బాగున్నాయి గానీ బాణీ కుదరలేదంటే మీరు మాట మనిషి. మీకు తెలుగు సాహిత్యంలో పీజీ చేసి పాట మీద పరిశోధన పెట్టుకునే దారి ఎక్కువ నప్పుతుంది. బాణీ దానంతట అదే వస్తోంది, మాటలు మాత్రం నలిగిపోయినవే పడుతున్నాయంటే సంగీతంలో పీజీ చూడొచ్చు, లేదా ఏడాది పాటు మాట మీద కష్టపడి విదేశీ కోర్సుకు వెళ్లొచ్చు. రెండూ కొద్దో గొప్పో ఉన్నాయనుకుంటే సాంగ్‌రైటింగ్ కోర్సు మీకోసమే. గొంతు గొప్పగా ఉండక్కర్లేదు. పాట ఏమిటో ఎదుటివాళ్లకు తెలిసేలా పాడితే చాలు.

వాద్యం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గిటారో కీబోర్డో, పది పన్నెండు కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) పట్టుకుని మీ పాటకు మీరే వాయించుకునేంత రావాలి. చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాళ్లు కోనసీమలో ఊరికొకరు ఉంటారు. వాళ్లలో చాలామందికి ఈ కోర్సులకు కావలసిన చేతివాటం ఇప్పటికే ఉంది, ఆ సంగతి వాళ్లకే తెలియదు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు రాగజ్ఞానం పెద్ద ఆస్తి, కాకపోతే కార్డ్ అనే ఊహ కొత్తగా నేర్చుకోవాలి. కాస్త పద్ధతిగా పాశ్చాత్య సంగీతం నేర్చుకోవాలంటే చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ 2008లో మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఒక మెట్టు అవుతుంది.

రెండో అడుగు: ఇక్కడా, అక్కడా

ఇక్కడే ఉండి చదవాలంటే "సాంగ్‌రైటింగ్" అని బోర్డు పెట్టిన పీజీ కోసం వెతకొద్దు. ఎంఏ తెలుగు, ఎంఏ మ్యూజిక్, జానపద సాహిత్యం, ఈ మూడిటి చుట్టూ చూడండి. గోదావరి జిల్లాల వాళ్లకు దగ్గర్లో ఉన్నది రాజమండ్రి పక్కన, రాజానగరంలో ఉన్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం. సంగీతానికైతే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, అమ్మాయిలకు తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీ ప్రవేశాలకు 2021 నుంచి ఏపీ పీజీసెట్ అని ఒకే పరీక్ష పెట్టారు. ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకుని పద్ధతి ఏమైనా మారిందేమో నిర్ధారించుకోండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎంఏ తెలుగుకు సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి.

ఈ దారిలో పాట రాయడం ఎవరూ నేర్పరు. ఛందస్సు, జానపద సాహిత్యం, పద సాహిత్యం, సినిమా పాట మీద విమర్శ చదువుతారు. రాయడం మీరు పక్కన నడుపుకోవాలి. కానీ ఫీజు అందుబాటులో ఉంటుంది, నెట్ రాసి లెక్చరర్ కావడానికి వీలుంటుంది. తెలుగు, సంగీతం, జానపద సాహిత్యం మూడూ యూజీసీ నెట్‌లో సబ్జెక్టులే. ఇంట్లో పూట గడవాల్సిన అవసరం గట్టిగా ఉన్నవాళ్లకు నేను మొదట ఈ దారే చెబుతాను.

విదేశాల్లో పేరులోనే సాంగ్‌రైటింగ్ ఉన్న ఎంఏలు కొన్ని ఉన్నాయి. ఇంగ్లండ్‌లో బాత్ స్పా యూనివర్సిటీది ఈ రంగంలో తొలినాటి కోర్సుగా పేరున్నది. లండన్‌లో ఐసీఎంపీ అనే సంగీత కళాశాల ఉంది. ఐర్లండ్‌లో లిమరిక్ యూనివర్సిటీ వాళ్ల ఐరిష్ వరల్డ్ అకాడమీలో ఎంఏ సాంగ్‌రైటింగ్ ఉంది. షానన్ నది ఒడ్డునే క్యాంపస్, కాబట్టి ఏటిగట్టు బెంగ కాస్త తగ్గొచ్చు. అమెరికాలో న్యూయార్క్ యూనివర్సిటీ మాస్టర్స్‌లో సాంగ్‌రైటింగ్ ఒక ప్రత్యేకాంశం, ఖర్చు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ. బోస్టన్‌లోని బర్‌క్లీ పేరు అందరికీ తెలుసు గానీ అక్కడి సాంగ్‌రైటింగ్ విభాగానికి పేరొచ్చింది బ్యాచిలర్ స్థాయిలో. ఆ పేరు చూసి పీజీకి ఫారం నింపేముందు ఏ కోర్సు, ఏ ఊళ్లో అన్నది చదవండి.

బ్రిటన్‌లో ఎంఏ ఏడాదే. తిరిగొచ్చి ఇక్కడ ఉద్యోగానికో పీహెచ్‌డీకో వాడుకోవాలంటే ఆ ఏడాది డిగ్రీ మన పీజీతో సమానమన్న గుర్తింపు (సమానత్వం) కావాలి. విదేశీ డిగ్రీల సమానత్వంపై యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. వెళ్లకముందే అవి చదువుకోవడం మంచిది. సినిమాల్లో రాయడమే లక్ష్యమైతే ఈ కాగితం ఎవరూ అడగరు. ఆ కోర్సు పూర్తిచేసిన మాత్రాన ఫిల్మ్‌నగర్‌లో తలుపులు తెరుచుకోవు కూడా. ఎవరైనా కన్సల్టెన్సీ వాళ్లు అలా చెబితే మర్యాదగా "ఆయ్, అలాగేనండి" అని లేచి వచ్చేయండి.

మూడో అడుగు: లోపల ఏం జరుగుతుందో ముందే తెలుసుకోండి

పేర్లు వేరైనా ఈ కోర్సుల నడక ఇంచుమించు ఒకటే. వారం వారం వర్క్‌షాప్. మీ కొత్త పాట వినిపిస్తారు, తోటి విద్యార్థులు, టీచరు దాని మీద మాట్లాడతారు. ఆ తర్వాత తిరగరాయాలి. పక్కనే లిరిక్ మీద ఒక పేపరు, మరొకరితో కలిసి రాసే కో-రైటింగ్, డెమో రికార్డింగ్, పాటను దాని కాలంలో, సమాజంలో పెట్టి చూసే ఒక పరిశోధన వ్యాసం. చివర్లో పెద్ద ప్రాజెక్టు: కొన్ని పాటల సంపుటి, ఆ పాటలు ఎలా పుట్టాయో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో వివరించే వ్యాసం.

మనవాళ్లకు అలవాటు లేనిది విమర్శ వినడం. మన సభల్లో పాట వినిపిస్తే "అద్భుతం" అంటారు, శాలువా కప్పుతారు. అక్కడ "రెండో చరణంలో నాకు విసుగొచ్చింది" అని మొహం మీదే చెబుతారు, చెప్పినవాడు సాయంత్రం మనతో కలిసి కాఫీ తాగుతాడు. దీనికి ఇక్కడే అలవాటు పడొచ్చు. పాలకొల్లులోనో కాకినాడలోనో నలుగురు రాసేవాళ్లు కలిసి పదిహేను రోజులకోసారి కూర్చోండి. ఒకే షరతు: వినిపించినవాళ్లు ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ నోరు తెరవకూడదు, రాసుకోవాలి అంతే.

నాలుగో అడుగు: పోర్ట్‌ఫోలియో

సీటు తేలేది ఇక్కడ. సాధారణంగా రెండు మూడు సొంత పాటల రికార్డింగు, వాటి సాహిత్యం రాసిన కాగితం అడుగుతారు. స్టూడియోకు వేలు తగలేయకండి. చప్పుడు లేని గదిలో, ఫ్యాన్ ఆపి, ఫోన్‌లో ఒక వాద్యంతో పాడింది చాలు. వాళ్లు వినేది పాటను. రికార్డింగు నాణ్యతకు వేరే కోర్సులున్నాయి.

తెలుగులో పంపొచ్చా అని అందరూ అడుగుతారు. పంపొచ్చు, కానీ ముందుగా అడ్మిషన్ వాళ్లకు మెయిల్ పెట్టి అడగండి. నా సలహా ఒకటి రెండు ఇంగ్లిషులో, ఒకటి తెలుగులో. తెలుగు పాటకు పంక్తి పంక్తికీ ఇంగ్లిషు అర్థం జతచేయండి. అర్థం సాదాగా ఉండాలి. కవిత్వం కలిపితే అనుమానం వస్తుంది.

ఏం రాయాలి? గోదావరి అనగానే కొబ్బరాకులు, పడవ, పాపికొండలు, పూతరేకులు వచ్చేస్తాయి. అవన్నీ పక్కన పెట్టండి. వాటిని మనవాళ్లు విని విని విసిగిపోయారు, బయటివాళ్లకు అవి పర్యాటక శాఖ పోస్టర్‌లా కనిపిస్తాయి. మీరొక్కరే చూసినది వెతకండి. వేసవిలో లాకులు మూసి కాలవలు కట్టేసిన నెలలో ఊరు ఎలా ఉంటుంది? కాలవ అడుగున ఏమేం బయటపడతాయి? నీళ్లు వదిలే తేదీ కోసం రైతు లస్కరును (కాలవ నీళ్లు చూసే ఉద్యోగిని) ఎన్నిసార్లు అడుగుతాడు? ఇది పాటకు సరుకు.

ఆ సరుకుతో ఒక పంక్తి కట్టి చూద్దాం.

కాలవాగిపోయినాక కాళ్లకింద నెర్రె

మాత్రలు లెక్కపెట్టండి. గురువుకు రెండు, లఘువుకు ఒకటి. కాల, వాగి, పోయి, నాక, కాళ్ల, కింద, నెర్రె. ఏడు ముక్కలు, ఒక్కోదానికి మూడు మాత్రలు, మొత్తం 21. తిశ్రగతిలో, ఉయ్యాల ఊపులో సాగుతుంది. ఇప్పుడు బాణీ నాలుగు దెబ్బల నడకలోకి మారిందనుకోండి. అదే సంగతిని ఇలా మార్చాలి:

కాలవ ఎండితె కాళ్లకు నెర్రెలు

నాలుగు ముక్కలు, నాలుగేసి మాత్రలు, మొత్తం 16. చతురశ్రంలో సరిగ్గా కూర్చుంది. అయితే మొదటి పంక్తిలో నెర్రె పడింది నేలకు, రెండో దానిలో పడింది మనిషి పాదాలకు. నడక మారితే అర్థం కూడా జరిగింది. రెండోదే బాగుందని నాకనిపిస్తుంది. నేల పగలడం అందరూ రాస్తారు. ఇలాంటి మార్పును కనిపెట్టి, ఏది ఉంచాలో తేల్చుకోవడమే పీజీలో ఏడాదంతా చేసే పని. కాబట్టి మీ పాటల తొలి ప్రతులు పారేయకండి. "మొదట ఇలా రాశాను, ఈ కారణంతో ఇలా మార్చాను" అని ఇంటర్వ్యూలో చూపించగలిగితే సగం పని అయినట్టే.

మరో చిక్కు. మొదటి పంక్తి చివర "నెర్రె" దగ్గర బాణీ పొడుగ్గా నిలిచిందంటే గాయకుడు "నెర్రే" అని సాగదీస్తాడు. అప్పుడది "నెర్రె మాత్రమే" అన్నట్టు వినిపిస్తుంది. తెలుగులో పొట్టి అచ్చును సాగదీస్తే కొన్నిచోట్ల మాటే మారిపోతుంది, "కల" కాస్తా "కాల" అవుతుంది. అందుకే స్వరం నిలిచే చోట దీర్ఘం ఉన్న అక్షరం వేయాలి. ఇంగ్లిషులో బాధ వేరు. అక్కడ మాటలో ఒత్తి పలికే భాగం తాళంలో గట్టి దెబ్బ మీద పడాలి, లేకపోతే పరాయివాడు పాడినట్టుంటుంది. తెలుగు మాత్రల అలవాటుతో ఇంగ్లిషు పాట రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రాసిన ఇంగ్లిషు పంక్తిని బాణీ లేకుండా మామూలుగా మాట్లాడినట్టు చదివి, గొంతు ఎక్కడ బరువెక్కుతోందో కింద గీతలు గీసుకోండి. ఆ గీతలు, తాళం దెబ్బలు కలవాలి.

నిర్మాణం కూడా ఒకసారి సరిచూసుకోండి. మన పల్లవి పాట మొదట్లోనే వస్తుంది, చరణం తిరిగి దాన్ని చేరుకుంటుంది. వాళ్ల వెర్స్-కోరస్ పాటలో ఎక్కువగా కథ ముందు నడిచి, అసలు మాట కోరస్‌లో వస్తుంది. మధ్యలో బ్రిడ్జ్ అని ఒక్కసారే వచ్చే భాగం ఉంటుంది. పంపే మూడింటిలో ఒకటి పల్లవి-చరణం పద్ధతిలో, ఒకటి వెర్స్-కోరస్‌లో ఉంటే మీకు రెండూ తెలుసని వాళ్లకు అర్థమవుతుంది.

ఐదో అడుగు: ఊళ్లో దొరికేది పట్టుకుని వెళ్లండి

దరఖాస్తులో "ఈ కోర్సు ఎందుకు" అని ఒక పేజీ రాయమంటారు. "చిన్నప్పటినుంచి సంగీతమంటే ప్రాణం" అని మొదలుపెట్టకండి, అందరూ అదే రాస్తారు. మీరు ఏ ప్రశ్నతో వస్తున్నారో రాయండి. ఆ ప్రశ్న మీ జిల్లాలోనే దొరుకుతుంది. పెళ్లిళ్లలో తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు పాడే పెద్దావిడలు ఇంకా ఉన్నారు. దంపుళ్ల పాటలు గుర్తున్నవాళ్లు కొంతమందే మిగిలారు, నాట్ల పాటల చోటికి పొలంలో ఫోన్ స్పీకర్లు వచ్చాయి. పని పోయాక పని పాట ఏమవుతుంది? ఇది ఎంఏ ప్రాజెక్టుకు సరిపోయే ప్రశ్న. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చప్పుడు, గరగల డప్పు దెబ్బలు రికార్డు చేసి వాటి నడక మీద కొత్త పాట కట్టడం ఇంకొకటి. పాశర్లపూడిలో 1995 జనవరిలో గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. ఆ మంట చూసినవాళ్ల మాటలతోనే ఒక పాటల వరుస రాయొచ్చు.

సేకరించేటప్పుడు అనుమతి అడగండి, పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడతారో రాసుకోండి. పాట పాతదైనా పాడిన మనిషికి హక్కులుంటాయి, యూనివర్సిటీ ఎథిక్స్ ఫారంలో ఇవన్నీ అడుగుతారు. "మామ్మగారూ, ఒక పాట పాడండి" అంటే ఎవరూ పాడరు. పక్కన కూర్చుని, పని చేస్తుండగా మాట కలిపితే మధ్యలో అదే వస్తుంది. అచ్చులో ఉన్నది చూడాలంటే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. ఒక రోజు సరిపోదు.

ఆరో అడుగు: డబ్బు, వీసా

బ్రిటన్‌లో ఇలాంటి ఎంఏకు విదేశీ విద్యార్థుల ఫీజు ఎక్కువగా 15,000 నుంచి 20,000 పౌండ్ల మధ్య ఉంటుంది. పౌండు 110 రూపాయల పైమాటే కాబట్టి ఫీజే పదహారు లక్షలు దాటుతుంది. గది, తిండి వేరే. వీసాకు తొమ్మిది నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము వరసగా 28 రోజులు ఖాతాలో ఉన్నట్టు చూపాలి, లేదా బ్యాంకు విద్యారుణ పత్రం చూపాలి. ఆరోగ్య సర్‌చార్జి విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు. టీబీ పరీక్ష తప్పనిసరి. ఐఈఎల్‌టీఎస్‌లో సాధారణంగా 6 నుంచి 6.5 అడుగుతారు.

లోన్ దగ్గర డెల్టా కుటుంబాలు ఒకచోట ఇరుక్కుంటాయి. రెండెకరాల వరిచేను ఉంది, కొబ్బరితోట ఉంది, తాకట్టు పెడదాం అనుకుంటారు. పెద్ద మొత్తం విద్యారుణాలకు బ్యాంకులు వ్యవసాయ భూమిని మామూలుగా ఒప్పుకోవు, ఎందుకంటే బాకీ పడితే, బ్యాంకులు తాకట్టు ఆస్తిని తీసుకోవడానికి వాడే సర్ఫేసీ చట్టం కింద దాన్ని స్వాధీనం చేసుకునే వీల్లేదు. ఇల్లు, నాన్ అగ్రికల్చర్ స్థలం, ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే నడుస్తాయి. ఆఫర్ లెటర్ వచ్చాక కాకుండా, దరఖాస్తుకు ముందే బ్యాంకుకు వెళ్లి ఏ కాగితాలు పనికొస్తాయో అడిగితే ఆఖరి నిమిషంలో టెన్షన్ ఉండదు. స్కాలర్‌షిప్పుల్లో బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌కు రెండేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి, చదువయ్యాక స్వదేశానికి తిరిగొచ్చి రెండేళ్లు ఉండాలి.

అక్కడ పాడి ఫీజు సంపాదిస్తాననుకునేవాళ్లు ఇది గమనించండి. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద సెమిస్టరు రోజుల్లో వారానికి 20 గంటలు పని చేయొచ్చు. కానీ స్వయం ఉపాధి కుదరదు, వృత్తి కళాకారుడిగా డబ్బు తీసుకుని ప్రదర్శనలివ్వడం కుదరదు. అంటే తెలుగు సంఘం ఉగాది వేడుకలో కవరు తీసుకుని పాడినా చిక్కే. షాపులో పని చేయొచ్చు, పాట అమ్మకూడదు. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా మీద ఆ అడ్డు ఉండదు. దాని గడువు మాస్టర్స్ వాళ్లకు రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలు.

ఏడో అడుగు: మొదటి పాట మీద మొదటి కాగితం

కో-రైటింగ్ క్లాసు మొదలైన వారం నుంచే పాటలో ఎవరి వాటా ఎంతో రాసి ఉంచే అలవాటు చేసుకోండి. ఒక పేజీ చాలు: పాట పేరు, తేదీ, మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, ఎవరికెంత శాతం, ఇద్దరి సంతకాలు. స్నేహితుల మధ్య కాగితం ఏంటని మొహమాటపడితే పాట నడిచినప్పుడు స్నేహమే చెడుతుంది.

మన దేశంలో కాపీరైట్ పాట రాసినా, రికార్డు చేసినా ఆ క్షణం నుంచే ఉంటుంది. నమోదు తప్పనిసరి కాదు, తగవు వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. 2012 సవరణ తర్వాత సినిమా పాట అయినా సినిమా హాలు బయట వాడకం మీద వచ్చే రాయల్టీలో హక్కులు రాయించుకున్నవాళ్లతో సమానంగా గీత రచయితకు, స్వరకర్తకు వాటా ఉంది. దాన్ని ఒప్పందంలో వదులుకున్నానని సంతకం పెట్టినా చెల్లదు. ఈ వాటా వసూలు చేసి పంచేది ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ). ఒక్క పాట విడుదలైనా సభ్యత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఫారంలో పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, విడుదలైన పాట వివరాలు అడుగుతారు. బ్యాంకు పాసుపుస్తకంలో, పాన్ కార్డులో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. మన దగ్గర ఇంటిపేరు ఒకదానిలో ముందు, ఒకదానిలో వెనక ఉండటం మామూలే, డబ్బు ఆగేది ఎక్కువగా అక్కడే.